పాప పుట్టింది. పండుగ ఏ ఊళ్ళో, ఓటు ఏ ఊళ్ళో?

కృష్ణాతీరం
మా పాపకు మొన్ననే నాలుగో నెల నిండింది. పుట్టింది బెంగళూరులోనే. మాది తెనాలి దగ్గర పల్లె, మా ఆవిడ పుట్టిల్లు అనంతపురం, కాపురం రామమూర్తినగర్‌లో. ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఇన్నాళ్ళూ రాని ఆలోచనలు పాప వచ్చాక రోజుకొకటి వస్తున్నాయి. రాత్రి రెండింటికి పాపను భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే మనసు ఎక్కడెక్కడికో పోతోంది.

మొదటిది పండుగ. పాపకు ఇది తొలి భోగి. మా అమ్మ దసరా నుంచే రేగిపళ్ళ మాట ఎత్తుతోంది. మా ఇంటి అరుగు మీద పీట వేసి, వీధిలో పిల్లలందరినీ పిలిచి, పాప తల మీద భోగిపళ్ళు పోయాలని ఆమె కోరిక. మా అత్తగారు నాలుగు నెలలుగా ఇక్కడే ఉండి పాపకు లాలపోస్తున్నారు. అనంతపురం దగ్గరే కదా, అక్కడ చేద్దామని ఆమె మాట. ఇద్దరి మాటా కాదనలేను. ఆఫీసులో సంక్రాంతికి ఒక్కరోజే సెలవు. పాప పుట్టినప్పుడు ఐదు రోజులు ఇచ్చారు, ఆ తర్వాత నా సెలవులన్నీ ఆసుపత్రికీ టీకాలకూ సరిపోయాయి. ఇప్పుడు చేతిలో మూడున్నాయి.

రెండోది ఓటు. నాది ఇంకా మా ఊళ్ళోనే ఉంది. 2024లో మే 13న పోలింగ్ అంటే వెళ్ళి వేసి వచ్చాను. మా ఆవిడ ఇప్పుడు ఇద్దరివీ ఇక్కడికి మార్చుకుందామంటోంది. కారణం చెప్తాను. పోయిన నెల పాపను చక్రాల బండిలో పడుకోబెట్టి సాయంత్రం బయటికి తీసుకువెళ్ళాము. ఇంటి నుంచి పార్కు నాలుగు వందల అడుగులు కూడా ఉండదు. కాలిబాట మీద ఒకచోట రాళ్ళు లేచిపోయాయి, ఒకచోట ట్రాన్స్‌ఫార్మర్, ఆపైన వరుసగా బళ్ళు. రోడ్డు మీదికి దిగితే వెనక నుంచి నీళ్ళ ట్యాంకరు. మా ఆవిడ పాపను ఎత్తుకుంది, నేను ఖాళీ బండిని మోసుకుని వచ్చాను. ఇంటికి వచ్చాక అడిగింది: "మనం ఇది ఎవరికి చెప్పాలి?" నా దగ్గర జవాబు లేదు.

నాన్నకు ఫోనులో చెప్పాను. ఆయన ఒకే మాట అన్నారు. "ఓటు కూడా తీసేస్తే ఇక ఊళ్ళో నీ పేరు ఎక్కడుంటుంది?" ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మీలో పిల్లలు పుట్టాక ఇవి ఎవరు ఎలా తేల్చుకున్నారో చెప్పండి.

రాత్రిబస్సు
మార్చవద్దు. నేను పదమూడేళ్ళుగా మడివాళలో బస్సు ఎక్కి వెళ్ళి ఓటు వేసి వస్తున్నాను. అమ్మానాన్నలు అక్కడున్నారు, పొలం అక్కడుంది, వాళ్ళకు రోడ్డు వేసేదీ పింఛను ఇచ్చేదీ అక్కడి ప్రభుత్వం. నా ఓటు వాళ్ళ కోసం.

ఇద్దరు_పిల్లల_తల్లి
మీరు నెలల పాపతో ఉన్నారు, ముందు ప్రయాణం సంగతి చూడండి. 14 వారాల టీకాలు అయిపోయి ఉంటే ఆ భయం లేదు, ఇక తర్వాతి పెద్ద టీకా తొమ్మిది నెలలప్పుడు. కానీ భోగిమంట పొగకు మాత్రం పాపను దూరంగా ఉంచండి. మా పెద్దవాడిని తొలి భోగికి మంట దగ్గరికి తీసుకువెళ్ళి పిడకల దండ వేయించాము. వారం రోజులు దగ్గాడు.

ఓటరు_లెక్క
రాత్రిబస్సు గారి ప్రేమను కాదనను గానీ చట్టం ఇంకోలా ఉంది. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఓటు ఉండాల్సింది మామూలుగా నివసించే చోట. ఊళ్ళో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదని 20వ సెక్షన్ స్పష్టంగా చెప్తుంది. ఒకే మనిషికి రెండు చోట్ల ఓటు ఉండటం తప్పు. తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మార్చుకోవాలంటే ఫారం 8 నింపాలి. ఫారం 6 కొత్తగా నమోదయ్యేవారికి. చాలామంది ఇక్కడ మళ్ళీ ఫారం 6 పెట్టి, ఊళ్ళో పాతది అలాగే వదిలేస్తారు. అలా చేయకండి.

రాత్రిబస్సు
అదే సెక్షన్‌లో తాత్కాలికంగా వేరే చోట ఉన్నవారి నివాసం పోదని కూడా ఉంది. నేను ఇక్కడ తాత్కాలికంగానే ఉన్నాను.

ఓటరు_లెక్క
పదమూడేళ్ళు తాత్కాలికమా?

రాత్రిబస్సు
నా మనసులో తాత్కాలికమే. ఇల్లు కొనలేదు, కొనను. రిటైరయ్యాక ఒంగోలు వెళ్ళిపోతాను.

మల్లేశ్వరం_మామ్మ
మావారు కూడా అలాగే అనేవారు నాయనా. రిటైరై పద్దెనిమిదేళ్ళయింది, ఇంకా ఎనిమిదో క్రాస్‌లోనే కూరగాయలు కొంటున్నాము.

భోగిపళ్ళ సంగతి నేను చెప్తాను. మా ముగ్గురు పిల్లలకూ ఈ ఇంట్లోనే పోశాను. అరుగు లేకపోతే ఏమి, చాప చాలు. రేగిపళ్ళు, చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు, బంతిపూల రేకులు, చిల్లర డబ్బులు. పాప చిన్నది కాబట్టి చెరకు ముక్కలు సన్నగా తరగండి, కాయలు గుప్పెడుకు మించి పోయకండి. పక్కింటి కన్నడ పిల్లలను పిలవండి. వాళ్ళింట్లో కూడా చిన్నపిల్లలకు ఇలాగే ఎలచికాయలతో, అంటే రేగిపళ్ళతోనే, చేస్తారు. మర్నాడు వాళ్ళు నువ్వులు, బెల్లం, కొబ్బరి, వేరుశనగ పప్పు కలిపి పొట్లాలు తెచ్చి, "ఎళ్ళు బెల్ల తిందు ఒళ్ళె మాతాడి" అని చేతిలో పెడతారు. నువ్వులు బెల్లం తిని మంచి మాటలు మాట్లాడమని. నలభై ఏళ్ళుగా తీసుకుంటున్నాను, ఒక్క సంక్రాంతి కూడా ఊరికి దూరంగా ఉన్నట్టు అనిపించలేదు.

బందరు_లడ్డు
మామ్మగారూ, మీ మాటతో సగం సమస్య తీరింది. మిగతా సగం రెండు అమ్మమ్మ నాయనమ్మల మధ్య ఉంది. అది ఎన్నికల సంఘానికి కూడా తీరదు.

పెన్నా_ఒడ్డు
రైలు అయితే మీకు శేషాద్రి సరిపోతుంది, కృష్ణరాజపురంలో ఎక్కి తెనాలిలో దిగవచ్చు. కానీ సంక్రాంతికి ఇప్పుడు టికెట్లు చూస్తే లాభం లేదు. 2024 నవంబరు నుంచి ముందస్తు రిజర్వేషను 120 రోజుల నుంచి 60కి తగ్గింది. అరవయ్యో రోజు ఉదయం ఎనిమిదింటికి కూర్చుంటేనే దొరికాయి. పాపకు టికెట్ అక్కర్లేదు, ఐదేళ్ళ లోపు పిల్లలకు వేరే బెర్తు అడగకపోతే ఉచితం.

ఓటు విషయం మీద నాకు ఇంకో ఆలోచన ఉంది. అసలు మన పిల్లలు రేపు ఏ రాష్ట్రం లెక్కలోకి వస్తారు? లోక్‌సభ సీట్లు రాష్ట్రాల మధ్య ఇప్పటికీ 1971 జనాభా లెక్క మీదనే ఉన్నాయి. ఆ పంపిణీని మార్చడం 1976లో ఒకసారి ఆపారు, తర్వాత 84వ రాజ్యాంగ సవరణతో 2026 తర్వాత వచ్చే తొలి జనగణన దాకా ఆపారు. ఆ గడువు వచ్చేసింది. ఆంధ్రాకు 25, కర్ణాటకకు 28. రెండు చోట్లా సగటున ఒక్కో తల్లికి పిల్లలు 1.7 అని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కొత్త జనాభా లెక్కతో సీట్లు పంచితే, కుటుంబ నియంత్రణ చక్కగా పాటించిన దక్షిణాది నష్టపోకూడదు. అందుకే చంద్రబాబు గారు ఎక్కువ మంది పిల్లలను కనమంటున్నారు, స్థానిక ఎన్నికల్లో ఇద్దరికి మించి పిల్లలున్నవారు పోటీ చేయకూడదన్న నిబంధన కూడా 2024లో ఎత్తేశారు. నాకు అది సబబుగానే అనిపించింది.

ఇద్దరు_పిల్లల_తల్లి
పెన్నా_ఒడ్డు గారూ, సీట్ల అన్యాయం గురించి మీరు చెప్పింది నిజమే. పిల్లలను కనమన్న చోట మాత్రం ఒప్పుకోను. కనమనేవారు పెంచేది ఎవరో కూడా చెప్పాలి.

నా కథ చెప్తాను. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో వచ్చిన సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలైంది, మా చిన్నదానికి అది దక్కింది. ఆ మేలు మరువను. అదే చట్టం 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలంది. మా ఆఫీసులో మూడు వందల మందిమి. కేంద్రం అంటే కింది అంతస్తులో ఒక గది, దానికి తాళం. తాళం ఎవరి దగ్గరుందో తెలుసుకోవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. చివరికి మా అమ్మ గుంటూరులో నాన్నను ఒంటరిగా వదిలి ఏడాదిన్నర నా దగ్గర ఉంది. ఆ ఏడాదిన్నర నాన్న చేతి వంట తిన్నారు. ఇంట్లో ప్రతి బిడ్డ వెనకా ఇలాంటి ఒక అమ్మమ్మ ఉంటుంది. మూడో బిడ్డ లెక్కలో ఆమెను ఎవరూ కలపరు.

తండ్రుల సంగతి ఇంకా ఘోరం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది, బిడ్డ పుట్టిన ఆరు నెలల్లోపు వాడుకోవచ్చు. ప్రైవేటు ఉద్యోగికి అలాంటి చట్టమే లేదు, యజమాని దయ. కృష్ణాతీరం గారికి ఐదు రోజులు. ఆ ఐదు రోజుల్లో బొడ్డు కూడా ఊడదు.

కృష్ణాతీరం
నిజంగానే ఊడలేదు. ఆరో రోజు నేను ఆఫీసులో ఉండగా మా ఆవిడ ఫోను చేసి చెప్పింది. అది నేను చూడలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది.

పెన్నా_ఒడ్డు
అమ్మమ్మల విషయం నేను ఆలోచించలేదు. మా ఇంట్లోనూ అంతే జరిగింది, మా అత్తగారు ఉన్నారు. ఒప్పుకుంటున్నాను. సీట్ల విషయంలో మాత్రం నా మాట అదే.

కోలారు_గడ్డ
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. ఇక చెప్తాను.

మా తాతల తాతలు కూడా కోలారు జిల్లాలోనే పుట్టారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. మా అమ్మ ఉగాదికి మామిడి, చింతపండు వేసి ఆరు రుచుల పచ్చడి చేస్తుంది, పక్కింటివారు వేపపువ్వు బెల్లం కలిపి ఇస్తారు. రెండూ తిని బడికి వెళ్ళేవాళ్ళం. నవంబరు 1న బడిలో రాజ్యోత్సవ పాటలు, అంటే కర్ణాటక ఏర్పడ్డ రోజు పాటలు, పాడేవాణ్ణి. 1956లో అదే రోజున ఆంధ్రప్రదేశ్ కూడా ఏర్పడిందని చాలా ఏళ్ళకు తెలిసింది. "మీ ఊరు ఏది" అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఉన్న చోటే మా ఊరు.

మీరందరూ బెంగళూరును బస్టాండులా చూస్తున్నారని నాకు కష్టంగా ఉంటుంది. పదేళ్ళుంటారు, నీళ్ళు లేవంటారు, రోడ్లు లేవంటారు. ఓటు వేయమంటే నాది ఒంగోలులో ఉందంటారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రాలో పోలింగ్ 80 శాతం దాటింది. బెంగళూరు ఉత్తర, మధ్య, దక్షిణ స్థానాల్లో 55 కూడా దాటలేదు. ఇక్కడ పుట్టినవారి తప్పు ఎంతో ఉంది, కాదనను. కానీ ఇక్కడ బతికే వారిలో ఎంతోమందికి ఇక్కడ ఓటే లేదు. ఓటు లేని వీధిని ఏ నాయకుడు పట్టించుకుంటాడు? మీ పాప బండి దిగింది ఆ గుంతలోకే.

రాత్రిబస్సు
కోలారు గారూ, నేను ఇక్కడ పన్ను కడుతున్నాను, కన్నడం నేర్చుకున్నాను. బస్టాండు అనడం బాధగా ఉంది.

కోలారు_గడ్డ
మిమ్మల్ని నొప్పించాలని కాదు. మీరు కన్నడం నేర్చుకున్నారంటే నాకు గౌరవమే. ఓటు కూడా ఆ వరుసలోనే రావాలని నా ఆశ.

బందరు_లడ్డు
వలస వచ్చినవారు ఉన్న చోటి నుంచే సొంత నియోజకవర్గానికి ఓటు వేసే యంత్రం ఒకటి 2023 జనవరిలో ఎన్నికల సంఘం పార్టీలకు చూపించింది కదా. ఒకే యంత్రంలో 72 నియోజకవర్గాలు. పార్టీలు అభ్యంతరం చెప్పాయి, ఆగిపోయింది. అది వచ్చి ఉంటే రాత్రిబస్సు గారికి ఒక టికెట్ ఖర్చు తప్పేది.

ఓటరు_లెక్క
అది వచ్చినా కృష్ణాతీరం గారి కాలిబాట తెనాలి ఎమ్మెల్యే వేయించరు.

అసలు సంగతి అక్కడే ఉంది. బెంగళూరులో చివరి పాలికె (నగర కార్పొరేషను) ఎన్నికలు 2015లో జరిగాయి. ఆ సభ్యుల గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. తర్వాత అధికారుల పాలనే. 2025 సెప్టెంబరులో పాలికె స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు నగర పాలికెలు వచ్చాయి. వాటికి ఎన్నికలు జరిగినప్పుడు ఇక్కడి జాబితాలో పేరు ఉన్నవారే వేయగలరు. "ఎవరికి చెప్పాలి" అని మీ ఆవిడ అడిగిన ప్రశ్నకు ఇంతకాలం నిజంగానే జవాబు లేదు. ఇక కాలిబాట అడగడం గొంతెమ్మ కోరిక కాదు. నడిచేవారికి కాలిబాట రాజ్యాంగం 21వ అధికరణం కింద హక్కు అని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది.

ఇంకో మాట. పాప పేరు జనన ధ్రువపత్రంలో చేర్పించారా? పుట్టిన 21 రోజుల్లో నమోదు అయిపోయి ఉంటుంది, పేరు మాత్రం ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చవచ్చు. 2023 అక్టోబరు 1 నాడు, ఆ తర్వాత పుట్టినవారికి పుట్టిన తేదీకి, పుట్టిన చోటుకు ఆ పత్రమే రుజువు. బడికీ పాస్‌పోర్టుకూ ఓటరు జాబితాకూ అదే. ఇంటిపేరు ముందుండాలా వెనకుండాలా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. నేను ఆలస్యం చేసి, మా అబ్బాయికి బడిలో ఒక పేరు, పాస్‌పోర్టులో ఇంకో పేరు అయింది.

మల్లేశ్వరం_మామ్మ
పాప పేరు ఏమిటి నాయనా?

కృష్ణాతీరం
ఇంకా రాయించలేదు మామ్మగారూ. ఇంట్లో చిన్ని అంటున్నాము. రెండు వైపుల నుంచీ పదకొండు పేర్లు వచ్చాయి.

బందరు_లడ్డు
దానికి కూడా పోలింగ్ పెట్టండి. ఈ ఎన్నికకు ఫారం 8 అక్కర్లేదు.

ఇద్దరు_పిల్లల_తల్లి
ఆ పదకొండింటిలో పాప తల్లికి నచ్చినది పెట్టండి. మోసింది ఆమె.

కృష్ణాతీరం
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను, క్షమించండి. చెప్పాల్సింది చాలా ఉంది.

అమ్మానాన్నలు పాపను చూడటానికి వచ్చి వారం ఉన్నారు. రెండో రోజు ఉదయం నాన్న పాపను ఎత్తుకుని పాల ప్యాకెట్టు తెస్తానని వెళ్ళారు. పది నిమిషాల పని, అరగంటైనా రాలేదు. కంగారుపడి నేను దిగి వెళ్ళాను. వీధి మలుపులో ఒక కొట్టు మెట్టు మీద నిలబడి ఉన్నారు, పాపను కండువాతో కప్పుకుని. ఎదురుగా కాలిబాట మీదినుంచి స్కూటర్లు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. "దిగుదామంటే సందు ఇవ్వడం లేదురా" అన్నారు. ఆయన పొలం గట్ల మీద అరవై ఏళ్ళు నడిచిన మనిషి. ఆయనను అలా చూసి నాకు గొంతు పట్టేసింది.

ఇంటికి వచ్చాక అడిగారు. "మన వీధి కాలువ పూడితే నేను వార్డు మెంబరును ఇంటికి వెళ్ళి లేపుతాను. ఇక్కడ మెంబరు ఎవరు?" ఎవరూ లేరు నాన్నా, 2020 నుంచి లేరు అన్నాను. ఆయన నమ్మలేదు. ఇంత పెద్ద ఊరికి మెంబరు లేకపోవడమేమిటని మా ఆవిడను కూడా అడిగారు. ఆ పూట ఇక ఏమీ మాట్లాడలేదు. రాత్రి అన్నం దగ్గర మాత్రం, పాప వైపు చూస్తూ, "నా మెంబరు నాకున్నాడు. దీనికి ఒకడు ఉండాలి కదా. మార్చుకో" అన్నారు. కాసేపాగి, "ఊళ్ళో నీ పేరు నేను చెప్తూ ఉంటానులే" అన్నారు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది.

మర్నాడే ఇద్దరం ఫారం 8 పెట్టాము. నాది తెనాలి వైపు నుంచి, ఆమెది అనంతపురం నుంచి. రాత్రిబస్సు గారి మాట తప్పని నేను అనను. మా అమ్మానాన్నలు ఒంటరిగా, పట్టించుకునేవారు లేకుండా ఉండి ఉంటే నేనూ బస్సు ఎక్కేవాణ్ణే.

భోగి ఇక్కడే. మా అత్తగారు తనంతట తానే అమ్మకు ఫోను చేశారు. ఇద్దరూ కలిసి పోస్తారట, పీట మాత్రం మా ఊరి నుంచి తెస్తారట, నాన్న కూర్చున్న పీట, నేను కూర్చున్న పీట. ఉన్న మూడు సెలవులూ ఉగాదికి దాచి, అప్పుడు పాపను తెనాలి తీసుకువెళ్తాము. ఇంకా అడగాల్సింది ఒకటే. ఇక్కడ మంచి రేగిపళ్ళు ఎక్కడ దొరుకుతాయి?

రాత్రిబస్సు
మీ నాన్నగారి మాట మా నాన్నకు చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు, ఇంకోసారి చదవమన్నారు. నేను ఇంకా మార్చుకోలేదు. ఆలోచిస్తున్నాను.

కోలారు_గడ్డ
కె.ఆర్. మార్కెట్‌కు తెల్లవారకముందే వెళ్ళండి. రేగిపళ్ళు అని అడగండి, అర్థం కాకపోతే "ఎలచి హణ్ణు" అనండి. బంతిపూలు కూడా అక్కడే చవక. చెరకు మాత్రం మోయకండి, పండుగ ముందు మీ వీధిలోకే బండి వస్తుంది.

మల్లేశ్వరం_మామ్మ
చిల్లర డబ్బులు కడిగి ఆరబెట్టండి నాయనా. పిల్లలు చప్పున నోట్లో పెట్టుకుంటారు. పాప పేరు రాయించగానే ఇక్కడ చెప్పు.